సాగర తీరాన క్రికెట్ నారుమడి

2024 డిసెంబరు 28. మెల్‌బోర్న్ మైదానం. స్టాండ్స్‌లో 80 వేల మందికి పైగా జనం. అంతమందిలో ఒక నడివయసు తండ్రి చేతులు జోడించి నిలుచున్నాడు. క్రీజులో ఉన్న కుర్రాడి స్కోరు 99. అప్పుడే బుమ్రా అవుటైపోయాడు. మిగిలింది ఒక్క వికెట్. ఆఖరి బ్యాట్స్‌మన్ సిరాజ్, కమిన్స్ వేసిన మూడు బంతుల్ని ఎలాగో కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని కుర్రాడు మిడాన్ మీదుగా లేపాడు. ఫోర్!

కుర్రాడు మోకాలి మీద కూర్చుని, బ్యాటు నేలకు ఆనించి, దానిమీద హెల్మెట్ పెట్టాడు. అక్కడ స్టాండ్స్‌లో ఆ తండ్రి కళ్ల నుంచి నీళ్లు ధారగా కారిపోయాయి. ఆ దృశ్యం టీవీలో చూసి విశాఖలోనే కాదు, తెలుగునాట ఎన్నో ఇళ్లలో కళ్లు చెమర్చాయి.

ఆ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. వయసు 21. ఊరు విశాఖపట్నం. ఎనిమిదో స్థానంలో వచ్చి, వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించి, 114 పరుగులు చేశాడు. ఆ తండ్రి ముత్యాలరెడ్డి.

ఆ వంద పరుగులకు నాలుగైదు గంటలు పట్టి ఉండొచ్చు. వాటి వెనక ఉన్న కథకు మాత్రం పదేళ్లకు పైగా పట్టింది. ఒక పిల్లవాడిలో ప్రతిభ ఉందని గుర్తించడం, దాన్ని పెంచడం, మెట్టు మెట్టుకూ పరీక్షించడం, పై మెట్టుకు పంపడం... ఇదంతా కనపడని వ్యవసాయం. నారు పోయాలి, సమయానికి పీకి నాటాలి, నీరు తగ్గకుండా చూడాలి. పంట మాత్రం అన్ని మళ్లలోనూ పండదు!

నాన్న వేసిన పందెం

ముత్యాలరెడ్డి హిందుస్థాన్ జింక్ ఉద్యోగి. విశాఖలోని ఆ సంస్థ స్మెల్టర్ 2012లో మూతపడింది. కొన్నేళ్లకు ఆయనకు రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌కు బదిలీ అయింది. వెళితే జీతం ఉంటుంది, కానీ కొడుకు క్రికెట్ ఆగిపోతుంది. అక్కడ భాష రాదు, తెలిసిన కోచ్ ఉండడు. పాతికేళ్ల సర్వీసు ఉండగానే 2016లో ఆయన ఉద్యోగం వదిలేశాడు. అప్పటికి నితీశ్‌కు పదమూడేళ్లు.

ఏ మధ్యతరగతి ఇంట్లోనైనా ఇలాంటి నిర్ణయం తీసుకుంటే ఏమంటారు? చుట్టాలూ పక్కాలూ అన్నారు కూడా. చేతిలోని డబ్బు కరిగిపోయింది. ఒకరోజు డబ్బు ఇబ్బందులతో నాన్న ఏడవడం తాను చూశాననీ, అప్పటిదాకా సరదాగా ఆడిన ఆటను ఆ రోజు నుంచే పట్టుదలగా తీసుకున్నాననీ నితీశ్ తర్వాతి రోజుల్లో చెప్పాడు.

ఇది విని, 'మనమూ ఉద్యోగం మానేస్తే మనవాడూ నితీశ్ అవుతాడు' అనుకుంటే పొరపాటే. తండ్రి త్యాగం ఒక చక్రం మాత్రమే. బండి కదలడానికి రెండో చక్రం కావాలి. అది నితీశ్‌కు దొరికింది.

రెండో చక్రం

భారత జట్టు మాజీ వికెట్‌కీపర్, గుంటూరుకు చెందిన ఎమ్మెస్కే ప్రసాద్ కంట ఈ కుర్రాడు పడ్డాడు. ఆంధ్ర క్రికెట్ సంఘం కడపలో నడుపుతున్న అకాడమీలో చోటు దొరికింది. అక్కడే శిక్షణ, అక్కడే చదువు. కోచింగ్ ఖర్చు కుటుంబం మీద పడకపోవడంతో తండ్రి ఊపిరి పీల్చుకున్నాడు.

ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడింది 1953లో. తొలినాళ్లలో సాక్షాత్తూ సీకే నాయుడే ఆంధ్ర తరఫున ఆడారు. అయినా దశాబ్దాల పాటు ఆంధ్ర జట్టు అంటే మిగతా రాష్ట్రాలకు సులువైన ప్రత్యర్థి. జిల్లాల్లో ఆడే పిల్లలున్నారు, కానీ వారిని ఒకచోట చేర్చి ఏళ్ల తరబడి సానబెట్టే ఏర్పాటు లేదు. ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విడదీసి, వసతితో కూడిన అకాడమీలు పెట్టడంతో ఆ లోటు తీరడం మొదలైంది.

ఫలితం ఎలా ఉంటుందో 2017-18లో దేశం చూసింది. అండర్-16 కుర్రాళ్లు ఆడే విజయ్ మర్చంట్ ట్రోఫీలో నితీశ్ 1237 పరుగులు చేశాడు. సగటు 176.71! నాగాలాండ్ మీద ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441. పైగా 26 వికెట్లు. ఆ ఏడాది అండర్-16లో ఉత్తమ ఆటగాడిగా బీసీసీఐ పురస్కారం అందుకున్నాడు.

మెట్లు ఎన్ని?

పిల్లవాడు బాగా ఆడుతున్నాడంటే ఇంట్లో వాళ్లకు వెంటనే ఐపీఎల్ కనిపిస్తుంది. మధ్యలో ఉన్న మెట్లు కనిపించవు. జిల్లా జట్టు, మండల జట్టు దాటాక రాష్ట్రం తరఫున అండర్-16కు విజయ్ మర్చంట్ ట్రోఫీ, అండర్-19కు కూచ్ బెహార్ ట్రోఫీ, అండర్-23కు కల్నల్ సీకే నాయుడు ట్రోఫీ. ఆ తర్వాతే రంజీ, విజయ్ హజారే, సయ్యద్ ముస్తాక్ అలీ పోటీలు.

ప్రతి మెట్టు దగ్గరా రాష్ట్రం మొత్తానికి ఒకటే జట్టు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఉన్న కుర్రాళ్లందరిలో తుది జట్టుకు వెళ్లేది పదకొండు మందే. అండర్-16లో మెరిసినవాళ్లు చాలామంది అండర్-19లో కనిపించరు. కొందరికి ఒళ్లు పెరగదు, కొందరికి ఇంటర్ పరీక్షలు అడ్డొస్తాయి, కొందరికి వెన్ను నొప్పి మొదలవుతుంది. పదహారుకూ పందొమ్మిదికీ మధ్య ఉన్న ఆ మూడేళ్లే అసలు గండం.

అండర్-16 దగ్గర ఇంకో వడపోత ఉంది. వయసు తగ్గించి చెప్పడం మన దగ్గర పాత రోగం. అందుకే బీసీసీఐ కుర్రాళ్ల ఎడమ చేతి మణికట్టును ఎక్స్‌రే తీయించి, ఎముకల ఎదుగుదలను బట్టి వయసు లెక్కకడుతోంది. కాగితం అబద్ధం చెప్పొచ్చు, ఎముక చెప్పదు కదా! కాకపోతే, నిజాయతీగా ఉన్నా ఒళ్లు త్వరగా ఎదిగిన పిల్లలకు ఈ పరీక్ష ఒక్కోసారి చేదు మిగులుస్తుంది.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. 2021లో బీసీసీఐ పెంచిన లెక్క ప్రకారం సీనియర్ దేశవాళీ ఆటగాడికి అనుభవాన్ని బట్టి రోజుకు 40 వేల నుంచి 60 వేల రూపాయల మ్యాచ్ ఫీజు. అండర్-23కు 25 వేలు, అండర్-19కు 20 వేలు. అంటే రాష్ట్ర జట్టులో నిలదొక్కుకుంటే క్రికెట్ ఒక బతుకుదెరువే. జట్టు గడప దగ్గర ఆగిపోయిన వారికి మాత్రం అందులో రూపాయి కూడా రాదు.

అమెరికాలో ఎలా?

ఇలాంటి నారుమళ్లను ఓ పరిశ్రమలా నడిపేది అమెరికా బేస్‌బాల్. అక్కడ 30 పెద్ద క్లబ్బులున్నాయి. 2021లో జరిగిన మార్పుల తర్వాత ఒక్కో క్లబ్బు కింద నాలుగు స్థాయిల్లో నాలుగు చిన్న జట్లుంటాయి... సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. మొత్తం 120 జట్లు. పద్దెనిమిదేళ్లకో, కాలేజీ అయ్యాకో ఎంపికైన కుర్రాడు ఈ మెట్లన్నీ ఎక్కాలి. జీతం ఇచ్చేదీ, గాయానికి వైద్యం చేయించేదీ క్లబ్బే.

అక్కడా ఎదురుదెబ్బలు మామూలే. భారత సంతతి తల్లికి పుట్టిన కుమార్ రాకర్‌ను 2021లో న్యూయార్క్ మెట్స్ ఎంచుకుంది. వైద్య పరీక్షల తర్వాత వెనక్కి తగ్గింది. మరుసటి ఏడు టెక్సస్ రేంజర్స్ ఏకంగా మూడో ఆటగాడిగా తీసుకుంది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స. అన్నీ దాటుకుని 2024 సెప్టెంబరులో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. మన దేశంలో ఓ టీవీ పోటీతో వెలుగులోకి వచ్చి, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ మాత్రం చిన్న లీగుల దగ్గరే ఆగిపోయారు.

తేడా ఒక్కటే. అక్కడ కుర్రాడి మీద పందెం కాసేది క్లబ్బు. ఇక్కడ ఆ పందెంలో మొదటి వాటా ఇంటిది.

వెయిటింగ్ హాల్‌లో...

విశాఖకు ఈ నిరీక్షణ కొత్త కాదు. గాజువాక కుర్రాడు వేణుగోపాలరావు 2000లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. సీనియర్ జట్టు టోపీ అందుకునేసరికి 2005 వచ్చింది. 16 వన్డేలు ఆడాడు.

కేఎస్ భరత్ కథ మరింత ఓపికతో కూడింది. విశాఖలో కోచ్ కృష్ణారావు దగ్గర ఓనమాలు నేర్చుకున్న భరత్, 2015లో గోవాపై 308 పరుగులు చేశాడు. రంజీల్లో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్‌కీపర్ అతడే. అయినా టెస్టు అరంగేట్రం ఎప్పుడో తెలుసా? 2023 ఫిబ్రవరిలో, నాగపూర్‌లో! ఎనిమిదేళ్ల తర్వాత. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సొంతూరు విశాఖలోనే ఇంగ్లండ్‌తో టెస్టు ఆడాడు. పరుగులు రాలేదు. తర్వాతి టెస్టుకు గ్లవ్స్ మరొకరి చేతికి వెళ్లాయి. ఏడు టెస్టుల కోసం ఎన్ని వేల బంతులు పట్టి ఉంటాడో లెక్క ఎవరి దగ్గరుంది?

ఇక రికీ భుయ్. అండర్-19 ప్రపంచకప్ రెండుసార్లు ఆడాడు. 2023-24 రంజీ సీజన్‌లో 902 పరుగులతో దేశంలోనే అందరికన్నా ముందు నిలిచాడు. ఆ పరుగులు కూడా అతనికి టెస్టు జట్టు తలుపు తెరవలేదు. అలాగని అతన్ని ఓడిపోయినవాడు అనగలమా? ఆంధ్ర జట్టు గెలుపుల వెనక ఉన్నది అలాంటి వాళ్లే.

అమ్మాయిల బాట

విశాఖ అమ్మాయి స్నేహదీప్తి 2013లో పదహారేళ్లకే భారత జట్టుకు ఆడింది. అప్పుడు మహిళలకు ఐపీఎల్ లేదు, పెద్దగా డబ్బూ లేదు. ఆటకు దూరమై, పెళ్లయి, తల్లయ్యాక మళ్లీ బ్యాటు పట్టింది. 2023లో తొలి డబ్ల్యూపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను తీసుకుంది.

ఆ తర్వాత వచ్చిన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణికి బాట కాస్త నునుపైంది. 2025 ఏప్రిల్‌లో వన్డే అరంగేట్రం. అదే ఏడాది అక్టోబరు 12న విశాఖలో, తెలుగు ప్రేక్షకుల ముందు, ఆస్ట్రేలియాపై మూడు వికెట్లు తీసింది. నవంబరు 2న భారత్ ప్రపంచకప్ గెలిచింది. టోర్నీలో ఆమె వికెట్లు 14. ఆస్ట్రేలియాతో మ్యాచ్ రోజునే విశాఖ స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీరాజ్ పేరు, ఒక గేటుకు ఆంధ్ర వికెట్‌కీపర్ రావి కల్పన పేరు పెట్టారు. స్టేడియానికి వచ్చే ప్రతి చిన్నారీ ఆ పేర్లు చదువుతూ లోపలికి వెళ్లడం చిన్న విషయమా!

అమ్మానాన్నలు తెలుసుకోవాల్సింది

2022లో విశాఖలో ఆరు జట్లతో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక ఐపీఎల్ కళ్లు ఇటువైపూ పడుతున్నాయి. నితీశ్‌ను 2023 సీజన్‌కు సన్‌రైజర్స్ తీసుకున్నది కనీస ధర 20 లక్షలకే. 2024లో 303 పరుగులు చేసి 'ఎమర్జింగ్ ప్లేయర్' అయ్యాక, అదే జట్టు 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఇలాంటి అంకెలు వినగానే ఊళ్లో అకాడమీల ముందు క్యూలు పెరుగుతాయి.

కానీ గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పన్నెండేళ్లలోపు పిల్లవాడికి ఆట ఆటలాగే ఉండాలి. రోజూ గంటల తరబడి బంతులు వేయిస్తే, ఎదిగే వెన్నెముక తట్టుకోదు. పదో తరగతీ ఇంటరూ మానిపించడం తెలివి కాదు. కడప అకాడమీలోనూ చదువు ఆపలేదు. మ్యాచ్ అయ్యాక కారులో పిల్లవాడిని అవుటైన షాటు గురించి నిలదీయొద్దు. అది కోచ్ పని. 'ఆకలేస్తోందా నాన్నా?' అని అడగడం ఇంటివాళ్ల పని.

ఎక్కినవాడికి కూడా భరోసా లేదు. మెల్‌బోర్న్ సెంచరీ చేసిన ఏడు నెలలకే, 2025 జులైలో ఇంగ్లండ్ పర్యటనలో నితీశ్ మోకాలికి గాయమైంది. సిరీస్ మధ్యలోనే వెనక్కి రావాల్సి వచ్చింది. మళ్లీ వ్యాయామం, మళ్లీ నెట్స్, మళ్లీ మొదటి మెట్టు.

తెల్లవారుజామున విశాఖలో ఏ మైదానం పక్కన నిలబడినా ఇప్పుడు ఒకే దృశ్యం. కిట్ బ్యాగు తమకన్నా పొడుగ్గా ఉన్న బుడతలు, స్కూటరు మీద వారిని దించి గోడ పక్కన నిలబడే నాన్నలు, ఫ్లాస్కులో పాలు తెచ్చే అమ్మలు. వీరిలో ఎందరు మెల్‌బోర్న్ దాకా వెళతారు? బహుశా ఒక్కరు. అదీ గ్యారంటీ లేదు.

మిగిలినవారి సంగతి? వేకువనే లేవడం, ఓడితే తలెత్తుకుని నడవడం, పక్కవాడు సెంచరీ కొడితే మనసారా చప్పట్లు కొట్టడం... ఇవి ఏ మెట్టు దగ్గర ఆగినా వెంట వస్తాయి. నారుమడిలోని ప్రతి మొక్కా పొలానికి చేరకపోవచ్చు. పచ్చదనం మాత్రం ప్రతి దానికీ వస్తుంది!