రైబోజోమ్: కణంలో ‘ట్రాఫిక్ జామ్’ అయితే.. సగంలో ఆగిన ప్రొటీన్ ఏమవుతుంది?

మన ఒంట్లోని కణాల్లో ప్రొటీన్లు నిత్యం తయారవుతూనే ఉంటాయి. వీటిని తయారుచేసేది రైబోజోమ్. ఎంఆర్‌ఎన్‌ఏ పోగు మీద ముందుకు జరుగుతూ, అందులోని కోడ్ చదివి, సెకనుకు సుమారు 5 అమైనో ఆమ్లాలను గొలుసులా కలుపుతుంది. దీని నిర్మాణాన్ని తేల్చినందుకే చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు, మరో ఇద్దరికి 2009లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

మరి ఎంఆర్‌ఎన్‌ఏ దెబ్బతిని రైబోజోమ్ మధ్యలోనే ఆగిపోతే?

సింగిల్ రోడ్డుపై లారీ ఆగిపోయినట్టే! వెనక వచ్చే రైబోజోమ్ దాన్ని గుద్దుకుంటుంది. కణానికి ఇదే అలారం. ఎందుకంటే రైబోజోమ్‌లు మామూలుగానూ కాసేపు ఆగుతుంటాయి. వెనకది వచ్చి తగిలిందంటేనే ఏదో తేడా ఉన్నట్టు.

అప్పుడు ఏం జరుగుతుందంటే..

* జడ్‌ఎన్‌ఎఫ్598 అనే ప్రొటీన్ ఈ ఢీని పసిగట్టి, రైబోజోమ్‌కు యుబిక్విటిన్ అనే ట్యాగ్ తగిలిస్తుంది.
* ఆగిన రైబోజోమ్ రెండుగా విడిపోతుంది. సగం తయారైన ప్రొటీన్ పెద్ద ముక్కలోనే ఇరుక్కుంటుంది.
* లిస్టెరిన్ వచ్చి ఆ ప్రొటీన్‌కూ ట్యాగ్ వేస్తుంది. ప్రోటియాసోమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది.
* పాడైన ఎంఆర్‌ఎన్‌ఏనూ కణం వదలదు, నాశనం చేస్తుంది.

ఈ క్లీనింగ్ జరగకపోతే? సగం ప్రొటీన్లు పేరుకుపోయి ఉండలు కడతాయి. ఎక్కువ దెబ్బ నాడీకణాలకే. లిస్టెరిన్ సరిగా పనిచేయని ఎలుకల్లో నాడీకణాలు క్రమంగా దెబ్బతిన్నాయని 2009లోనే తేలింది. లిస్టెరిన్‌కు సాయపడే ఎన్‌ఈఎంఎఫ్ జన్యువులో లోపాలున్న మనుషుల్లోనూ నాడీ, కండరాల జబ్బులు కనిపించాయి. అందుకే మెదడు జబ్బులపై పరిశోధన చేసేవాళ్లు ఇప్పుడు ఈ ‘జామ్’పైనా కన్నేశారు.