బొగ్గు పెళ్ల మీద ఎవరి చట్టం?

మంచిర్యాల జిల్లా మందమర్రి మండలంలోని రామకృష్ణాపూర్ వంటి చోట గని నుంచి పైకి వచ్చిన బొగ్గు, కొన్న సంస్థ గేటు దాటేలోపు ఒక కాపలా చేతిలోంచి మరో కాపలా చేతిలోకి మారుతూ పోతుంది. కుప్ప మీద ఉన్నంతసేపు దాన్ని కాసేది సింగరేణి సొంత భద్రతా విభాగం, అంటే అక్కడివారు ఎస్‌అండ్‌పీసీ అని పిలిచే సిబ్బంది. సీహెచ్‌పీ, అంటే బొగ్గు నిర్వహణ ప్లాంటు, దగ్గర వ్యాగన్లకెక్కి కాజీపేట–బల్లార్షా మార్గం పట్టాక ఆ పని రైల్వే రక్షణ దళానిది, అంటే ఆర్‌పీఎఫ్‌ది. రామగుండం ఎన్టీపీసీ వంటి కేంద్ర సంస్థ ఆవరణలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానిది, అంటే సీఐఎస్‌ఎఫ్‌ది. వీటన్నింటి చుట్టూ రామగుండం కమిషనరేట్ కింద పనిచేసే రాష్ట్ర పోలీసు ఠాణాలు ఉంటాయి. పట్టుబడిన మనిషికి యూనిఫాం వేసుకున్న ప్రతివారూ పోలీసులాగే కనిపిస్తారు గాని, చట్టం వారిని ఒకే గాటన కట్టదు. ఒకరికి పట్టుకునే అధికారం మాత్రమే ఉంటుంది, మరొకరికి ఒక రకం సొత్తు విషయంలో కేసు నడిపే అధికారం కూడా ఉంటుంది, ఇంకొకరికి చట్టరీత్యా దారిన పోయే పౌరుడికన్నా ఎక్కువ అధికారం ఉండదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మొదటి అంశం శాంతిభద్రతలు, రెండో అంశం పోలీసు. కేంద్రం సొంత దళాలను పెట్టుకోవచ్చు గాని, దళం కేంద్రానిది అయినంత మాత్రాన దానికి రాష్ట్రంలో పోలీసు అధికారం సంక్రమించదు. 42వ సవరణ ద్వారా కేంద్ర జాబితాలో చేరిన 2ఎ అంశం సైతం కేంద్ర బలగాలను రాష్ట్రంలోని పౌర యంత్రాంగానికి సాయంగా దించడం గురించే చెబుతుంది. ఆ సాయం పౌర యంత్రాంగాన్ని పక్కకు నెట్టి దాని స్థానంలో కూర్చోవడం కాదని 1997లో నాగా పీపుల్స్ మూవ్‌మెంట్ ఆఫ్ హ్యూమన్ రైట్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అమెరికాలో ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ హత్య, దొంగతనం వంటి సాధారణ నేరాలకు ఏ రాష్ట్రం శిక్షాస్మృతి ఆ రాష్ట్రానిదే కాబట్టి, ఫెడరల్ అధికారి, అంటే కేంద్ర ప్రభుత్వ అధికారి, రాష్ట్ర చట్టం కింద ఒకరిని పట్టుకోవాలంటే సాధారణంగా ఆ రాష్ట్రమే అందుకు వీలు కల్పించాలి. కాలిఫోర్నియా శిక్షాస్మృతి ఫెడరల్ అధికారులు తమ రాష్ట్ర శాంతి అధికారులు కారని ముందే చెప్పి, కొన్ని పరిస్థితుల్లో మాత్రం వారికి అరెస్టు అధికారం ఇస్తుంది. భారతదేశంలో అమరిక దాదాపు తలకిందులుగా ఉంది: భారతీయ న్యాయ సంహిత పార్లమెంటు చేసిన చట్టమే అయినా, దాన్ని రోజూ అమలు చేసేది రాష్ట్ర పోలీసులు. అందువల్ల ఇక్కడ చట్టం ఎవరిదన్న ప్రశ్న కన్నా, ఏ అధికారికి ఏ సెక్షన్ ఎంత మేరకు అధికారం ఇచ్చిందన్న ప్రశ్నే ముఖ్యమవుతుంది.

సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. గనుల్లో కార్మికుల భద్రత కేంద్ర జాబితాలోని అంశం కాబట్టి దాన్ని కేంద్ర సంస్థ అయిన గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షిస్తుంది; కుప్ప మీది బొగ్గు పోతే మాత్రం ఫిర్యాదు చేరేది రాష్ట్ర ఠాణాకే. గనిపై కాపలా ఉండే గార్డు కంపెనీ ఉద్యోగే తప్ప పోలీసు కాడు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ సెక్షన్ ఏ పౌరుడికైనా ఇచ్చిన అధికారమే అతనికీ ఉంటుంది: తన కళ్లముందు బెయిలు హక్కు లేని, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం జరిగితే ఆ మనిషిని పట్టుకుని, 6 గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. ఇక్కడ బొగ్గు ప్రాంతానికి నేరుగా తగిలే మెలిక ఒకటుంది. న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం 5,000 రూపాయల లోపు విలువైన సొత్తు దొంగిలించి, దాన్ని తిరిగి ఇచ్చి, మొదటిసారి దోషిగా తేలిన వ్యక్తికి పడే శిక్ష సమాజసేవ. అంత తక్కువ విలువైన దొంగతనాన్ని బెయిలు ఇవ్వదగినదిగా, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడనిదిగా వర్గీకరించారు. ఒక బస్తా బొగ్గు ధర ఏ లెక్కన చూసినా ఆ హద్దుకు చాలా దిగువనే ఉంటుంది. పొయ్యి కోసం కుప్ప నుంచి బస్తా నింపుకున్న మనిషిని ఆపి బొగ్గును వెనక్కి తీసుకునే హక్కు గార్డుకు ఉంది గాని, 40వ సెక్షన్ పేరుతో అరెస్టు చేసి కూర్చోబెట్టే అధికారం లేదు. లారీ బొగ్గు దారి మళ్లించినవాడి విషయం వేరు. అతని మీద ఆ సెక్షన్ పూర్తి బలంతో పనిచేస్తుంది.

అదే బస్తా వ్యాగన్‌లోంచి దిగితే కథ పూర్తిగా మారిపోతుంది. బొగ్గును రవాణాకు అప్పగించుకుని రైల్వే రసీదు ఇచ్చాక, యజమాని ఎవరైనా, ఆ సరుకు రైల్వే అధీనంలోకి వెళ్లినట్టే. 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం రైల్వేకు చెందిన వస్తువులను మాత్రమే కాక, రైల్వే అధీనంలో ఉన్న వస్తువులను కూడా రైల్వే ఆస్తిగానే లెక్కిస్తుంది. దాని 3వ సెక్షన్ కింద మొదటి నేరానికే 5 ఏళ్ల వరకు జైలు పడవచ్చు; ప్రత్యేక కారణాలు చూపితే తప్ప ఏడాదికి తగ్గకూడదు. 5,000 రూపాయల వెసులుబాటు ఇందులో లేదు. ఈ నేరాలను పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయరాదని 5వ సెక్షన్ చెబుతుంటే, వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని 6వ సెక్షన్, ఠాణా అధికారికి ఉండే విచారణ అధికారాలను 8వ సెక్షన్ ఆర్‌పీఎఫ్‌కు ఇస్తాయి. కుప్ప దగ్గర సమాజసేవతో తీరే తప్పు పట్టాల దగ్గర ఏడాది జైలుకు దారితీయడం న్యాయమని చెప్పడం కష్టం. 2023లో సాధారణ శిక్షాస్మృతిని తిరగరాసినప్పుడు చిన్న దొంగతనాల మీద చూపిన దయ ఈ పాత ప్రత్యేక చట్టం దాకా రాలేదు.

ఇంతకన్నా లోతైన తేడా వాంగ్మూలం దగ్గర ఉంది. పోలీసు అధికారి ముందు నిందితుడు నేరం ఒప్పుకున్నా, ఆ ఒప్పుకోలును అతనిపై రుజువుగా వాడకూడదనేది 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ నుంచి వస్తున్న రక్షణ. ఇప్పుడు అది భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో ఉంది. మరి ఆర్‌పీఎఫ్ అధికారి ఆ సెక్షన్‌లోని పోలీసు అధికారి అవుతాడా? కాడని 1980లో బాలకిషన్ దేవీదయాళ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అతను అభియోగపత్రం దాఖలు చేసే అధికారం లేని విచారణాధికారి మాత్రమేనని, కోర్టులో ఫిర్యాదు వేయడంతోనే అతని పని ముగుస్తుందని వివరించింది. తర్కం పకడ్బందీగానే ఉంది. అయినా దాని ఫలితం ఏమిటంటే, రామకృష్ణాపూర్ ఎస్సై ముందు చెప్తే కోర్టులో చెల్లని మాట, రైల్వే దళం అధికారి ముందు చెప్తే చెల్లుతుంది. బెదిరింపుతోగాని ఆశపెట్టిగాని రాబట్టిన ఒప్పుకోలు మాత్రం ఎవరి ముందు చెప్పినా చెల్లదు.

రైలులో పట్టుబడేది రైల్వే సొత్తు కానప్పుడు ఇదే ఆర్‌పీఎఫ్ అధికారం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. మంచిర్యాల వైపు నుంచి మహారాష్ట్రలోని విరూర్ వైపు ప్యాసింజర్ రైళ్లలో మూటలుగా తరలే రేషన్ బియ్యం ఇందుకు ఈ ప్రాంతమంతా ఎరిగిన ఉదాహరణ. ఆ బియ్యం మీద వర్తించేది 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద రాష్ట్రం జారీ చేసిన 2016 ప్రజాపంపిణీ నియంత్రణ ఉత్తర్వు. ఆ ఉత్తర్వు కింద కేసు నడిపే పని ఆర్‌పీఎఫ్‌ది కాదు. మూటలు పట్టుకున్నా, వాటిని పౌర సరఫరాల అధికారులకో, రాష్ట్ర పోలీసులోనే భాగమైన రైల్వే పోలీసులకో అప్పగించాలి. 2015 నుంచి 2021 దాకా చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం నడిచిన కాలంలో బల్లార్షా వైపు రైళ్లలో దొరికిన సీసాలదీ అదే దారి, ఎందుకంటే అక్కడ అమలైంది మహారాష్ట్ర నిషేధ చట్టం. ప్రయాణికుడి పెట్టె పోయినా కేసు కట్టేది రైల్వే పోలీసులే.

సీఐఎస్‌ఎఫ్‌కు ఆర్‌పీఎఫ్‌కున్నంత విచారణ అధికారం కూడా లేదు. 1968 నాటి చట్టం 11వ సెక్షన్ కింద సంస్థ ఆస్తికి సంబంధించిన నేరంలో అనుమానితుణ్ణి వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, 12వ సెక్షన్ కింద సోదా చేయవచ్చు, కాని 13వ సెక్షన్ ప్రకారం అతన్ని అనవసర జాప్యం లేకుండా పోలీసులకు అప్పగించాలి. ఎఫ్‌ఐఆర్ పడేది రాష్ట్ర ఠాణాలోనే. గేటు బయటి వీధిలో జరిగే తగాదాలో, పేకాట మీద రాష్ట్ర చట్టం ఉల్లంఘనలో ఆ దళానికి తన చట్టం నుంచి వచ్చే అధికారం లేదు.

సీబీఐ విషయంలో ఈ హద్దు రాజకీయంగానూ వేడెక్కింది. దానికి అధికారాలిచ్చే 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు సంస్థ చట్టం 6వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర సమ్మతి లేకుండా ఆ సంస్థ అక్కడ అధికారం చలాయించలేదు. తెలంగాణ ప్రభుత్వం తన సాధారణ సమ్మతిని 2022 ఆగస్టు 30న ఉపసంహరించుకుంది. హైకోర్టుగాని సుప్రీంకోర్టుగాని ఆదేశిస్తే ఆ సమ్మతి అవసరం లేదని 2010లోనే రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బొగ్గు సంగతిలో ఈ వివాదం పశ్చిమ బెంగాల్‌లో తలెత్తింది. ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రాంతంలో బొగ్గు దొంగతనంపై సీబీఐ 2020లో కేసు నమోదు చేయగా, అప్పటికే సమ్మతి వెనక్కి తీసుకున్న రాష్ట్రంలో అది రైల్వే ప్రాంతాలకే పరిమితం కావాలా, రాష్ట్రమంతా తిరగవచ్చా అన్న ప్రశ్న మరుసటి ఏడాది కలకత్తా హైకోర్టుకు చేరింది. రైలు పట్టాలు ఎక్కడ మొదలవుతాయన్నదే దర్యాప్తు ఎంత దూరం పోవచ్చో చెప్పే గీతగా మారిన సందర్భమది.

దళం ఏదైనా పట్టుబడిన మనిషికి మారని రక్షణ కొంత ఉంది. రాజ్యాంగం 22వ అధికరణం అరెస్టు కారణం చెప్పాలని, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలని నిర్దేశిస్తుంది. ఆ గడియారం అరెస్టు క్షణం నుంచి తిరుగుతుంది గాని ఠాణాకు అప్పగించిన వేళ నుంచి కాదు. అరెస్టు పత్రం రాసి సాక్షి సంతకం తీసుకోవాలని, బంధువుకు కబురు చేయాలని 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు, నిర్బంధించే అధికారం ఉన్న ఇతర ప్రభుత్వ సంస్థల జాబితాలో సీఐఎస్‌ఎఫ్‌ను పేరు పెట్టి పేర్కొని, పోలీసులకు విధించిన షరతులే వాటికీ వర్తిస్తాయని చెప్పింది.