పులికాట్ బురద, నీలగిరి పీట్: మీథేన్ గతాన్ని చెప్పే అణువులు

తిరుపతి జిల్లా తూర్పు అంచున, శ్రీహరికోట దీవికి పడమరగా పరుచుకొని ఉన్న పులికాట్ సరస్సు ఫ్లెమింగోల విడిదిగా అందరికీ తెలిసినదే కాని, దాని అడుగున ఉన్న బురద ఎడతెగకుండా ఒక వాయువును తయారుచేస్తూ ఉంటుందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఆ వాయువు మీథేన్. గాలి చొరబడని బురదలో చచ్చిన మొక్కలు కుళ్లేటప్పుడు కొన్ని సూక్ష్మజీవులు దీనిని విడుదల చేస్తాయి. నూరేళ్ల లెక్కన చూస్తే ఒక టన్ను మీథేన్ అంతే బరువుగల కార్బన్ డయాక్సైడ్ కంటె సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

2000 డిసెంబరులో పరిశోధకులు ఈ సరస్సులో 52 చోట్ల నీటిలో కరిగి ఉన్న మీథేన్‌ను కొలిచారు. వానకాలంలోనూ ఎండకాలంలోనూ కలిపి నాలుగు విడతలుగా అడుగు బురదపై పెట్టెలు బోర్లించి, వాటిలోకి ఊరివచ్చే వాయువును లెక్కగట్టారు. షాలిని, రమేశ్, పూర్వజ, బార్న్స్ 2006లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం పులికాట్ బురద నుంచి ఏటా సుమారు 3,700 టన్నుల మీథేన్ బయటికి వస్తుండగా, మరో 1,700 టన్నులు బురదకూ నీటికీ మధ్యనున్న పలుచని పొరలోనే ఆక్సీకరణ చెంది మాయమవుతున్నాయి. అంటే పుట్టిన వాయువులో దాదాపు మూడో వంతును అక్కడే కాచుకొని ఉన్న మరో రకం సూక్ష్మజీవులు ఆహారంగా వాడుకొంటున్నాయన్నమాట. చిత్తడి నేలల మీథేన్ కథ అంతా ఈ రెండు వర్గాల మీదే, తయారుచేసేవాటి మీదా తినేవాటి మీదా, నడుస్తుంది.

అయితే బోర్లించిన పెట్టె ఆనాటి సంగతినే చెబుతుంది. రుతుపవనాలు బలపడిన శతాబ్దాలలోనూ, అవి ముఖం చాటేసిన శతాబ్దాలలోనూ ఇటువంటి నేలలు ఎంత మీథేన్‌ను వదిలాయో తెలియనిదే, రాబోయే వేడికి అవి ఎలా స్పందిస్తాయో అంచనా కట్టడం కష్టం. ధ్రువప్రాంతాల మంచులో చిక్కుకొన్న గాలిబుడగలు ప్రపంచం మొత్తం లెక్కను కొంత అందించాయి: 1750 ప్రాంతంలో వంద కోట్ల పాళ్ల గాలిలో మీథేన్ సుమారు 730 పాళ్లు ఉండేది, హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌లో 2014లో జరిగిన కొలతలలో దాని సగటు సుమారు 1,920 పాళ్లుగా తేలింది. ఇంకా వెనక్కి వెళితే, సుమారు 5,000 ఏళ్ల క్రితం వరకు తగ్గుతూ వచ్చిన మీథేన్ ఆ తరువాత మళ్లీ పెరగసాగింది; ఆ పెరుగుదలకు ఆసియాలో వరిమడుల విస్తరణే కారణమని విలియం రుడిమన్ 2003లో ప్రతిపాదించగా, సహజమైన చిత్తడి నేలలే కారణమని వాదించేవారూ ఉన్నారు. మంచులోని గాలి ప్రపంచమంతటి గాలి కలిసిపోయినది కనుక ఏ నేల ఎంత వదిలిందో అది చెప్పలేదు. దానికి నేలనే అడగాలి.

అలా అడగడానికి అన్నిటికంటె అనువైనది పీట్. నీరు నిలిచి ఆక్సిజన్ అందని చోట గడ్డి, తుంగ, నాచు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పొరమీద పొరగా పేరుకొన్న నల్లని మెత్తని పదార్థమిది. చిత్తూరు ప్రాంతపు చెరువులు వేసవిలో ఎండి, బురద బీటలువారి, గాలి తగిలి, అందులోని సేంద్రియ పదార్థం కుళ్లిపోతుంది గనుక ఇక్కడ పీట్‌కు అవకాశం లేదు. దక్షిణాదిన పేరున్న పీట్ నేలలు నీలగిరులలో, 2,000 మీటర్లకు పైనున్న లోయలలో ఉన్నాయి. సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్ 1993లో నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆ పీట్‌లోని కార్బన్ ఐసోటోపుల ఆధారంగా గత 20,000 ఏళ్లలో అక్కడ ఎటువంటి గడ్డి పెరిగిందో, దానిని బట్టి రుతుపవనాలు ఎప్పుడు బలహీనపడి ఎప్పుడు పుంజుకొన్నాయో వివరించారు. ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు మాత్రమే తేడాగల పరమాణువులు. కార్బన్‌లో నూటికి దాదాపు 99 పాళ్లు తేలికైన 12 రకం, మిగిలినది కొంచెం బరువైన 13 రకం.

పీట్ మొత్తాన్ని కలిపి కొలిస్తే తెలిసేది ప్రధానంగా మొక్కల సంగతి. మీథేన్ సంగతి తెలియాలంటే అందులో సూక్ష్మజీవులు వదిలిపోయిన కొవ్వు అణువులను వేరుచేయాలి. మీథేన్ తయారుచేసేవి బాక్టీరియాలు కావు, ఆర్కియా అనే వేరే జీవవర్గానికి చెందినవి. ఈ వర్గాన్ని కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ 1977లో గుర్తించారు. బాక్టీరియా కణపు పొరలోని కొవ్వులలో సాధారణంగా ఎస్టర్ బంధాలుంటే, ఆర్కియా కొవ్వులలో ఈథర్ బంధాలుంటాయి. ఇవి తేలికగా తెగవు కనుక జీవి చచ్చినా ఆర్కియోల్ అనే దాని కొవ్వు అణువు వేల ఏళ్లు నిలుస్తుంది. మీథేన్ తినే బాక్టీరియాల గుర్తు హోపనాయిడ్లనే మరో కుటుంబపు అణువులలో దొరుకుతుంది. వీటిని ఇతర బాక్టీరియాలూ తయారుచేస్తాయి కాబట్టి ఆ అణువు ఉందంటే చాలదు, దానిలోని కార్బన్‌ను తూచాలి: మీథేన్‌లో తేలికైన కార్బన్ పాలు అసాధారణంగా ఎక్కువ గనుక దానిని తిని పెరిగిన బాక్టీరియా కొవ్వు కూడా అలాగే తేలికవుతుంది. పీట్‌ను ఎండబెట్టి, పొడిచేసి, ద్రావకాలతో కొవ్వులను లాగి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటరుతో ఒక్కొక్క అణువునూ గుర్తించే ఈ పని ఓర్పుతో కూడినది.

ఫలితం ఆ ఓర్పుకు తగినదే. ఇంగ్లండులోని కాబమ్ లిగ్నైట్‌లో, సుమారు 5.6 కోట్ల ఏళ్ల క్రితం భూమి ఒక్కసారిగా వేడెక్కిన సందర్భంలో హోపనాయిడ్లు ఎంతో తేలికైనాయని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ పాన్‌కాస్ట్ బృందం 2007లో చూపింది. వేడితోపాటు చిత్తడి నేలల మీథేన్ కూడా పెరిగిందనడానికి అది సాక్ష్యం. మన రుతుపవనాలకు దగ్గరి కథ టిబెట్ పీఠభూమి అంచునున్న హాంగ్‌యువాన్ పీట్‌ది. సుమారు 13,000 ఏళ్లుగా పేరుకొన్న ఆ పొరలను చదివి 2014లో ప్రచురించిన పరిశోధన, ఆసియా వేసవి రుతుపవనం బలహీనపడి ఆ నేల ఎండినప్పుడు మీథేన్ తయారీదారుల గుర్తులు కూడా తగ్గాయని తేల్చింది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఆర్కియోల్ ఎక్కువగా ఉంటే తయారీదారులు ఎక్కువగా బతికారని అర్థం, అంతే గాని గాలిలోకి ఎంత మీథేన్ చేరిందో అది చెప్పదు. పులికాట్‌లోనే బురద నుంచి వెలువడే మీథేన్‌లో సుమారు 63 శాతం బుడగలుగా పైకి పోతున్నదని 2006 నాటి పరిశోధన అంచనా. తినే బాక్టీరియాలకు చిక్కకుండా దూసుకుపోయే ఆ బుడగ వాటి కొవ్వులో గుర్తు వదలదు. పైగా పులికాట్ నీరు ఉప్పునీరు. సముద్రపు నీటిలోని సల్ఫేటును వాడుకొనే బాక్టీరియాలు మీథేన్ తయారీదారుల ఆహారాన్ని ముందే లాగేసుకొంటాయి. అదీగాక అటువంటి బురదలో మీథేన్‌ను తినే ఆర్కియాలు కూడా ఉండగలవు. మంచినీటి పీట్‌లో తయారీకి సాక్షిగా నిలిచే ఆర్కియోల్, ఉప్పు బురదలో మరీ తేలికైన కార్బన్‌తో కనిపిస్తే తిన్నవాటికి సాక్షి కావచ్చు.

ఆ చిక్కే పులికాట్‌ను విలువైనదిగా చేస్తున్నది. పిచ్చాటూరు మీదుగా వచ్చే ఆరణియార్, సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగి మంచినీటిని తెస్తుండగా, రాయదొరువు వంటి ముఖద్వారాలు తెరుచుకొన్నప్పుడు సముద్రం ఉప్పును తెస్తుంది. ఈ రెంటి మధ్య తూకం మారినప్పుడల్లా అడుగున మీథేన్ లెక్క మారి ఉండాలి, ఆ మార్పు బురద పొరలలోని కొవ్వులలో నిలిచి ఉండాలి. పూడిపోయిన ముఖద్వారాలను తవ్వాలన్న మత్స్యకారుల కోరిక న్యాయమైనది, అది జరగాలి కూడా. అయితే యంత్రాలు దిగకముందే ఆ చోట్లలో గొట్టాలు దించి నిలువు నమూనాలు తీయించి, పొరల వరుస చెదరకుండా శీతల గిడ్డంగిలో భద్రపరచే బాధ్యతను ఆ పని చేయించే శాఖలూ ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయాలూ కలిసి తీసుకోవాలి, ఎందుకంటే ఒకసారి కలిసిపోయిన పొరలను మళ్లీ వరుసలో పేర్చే పద్ధతి ఏదీ లేదు.