కత్తి లేని కత్తితోక చేప

పిల్లలూ! ముందుగా మీకొక పొడుపుకథ.

కత్తుల వంశంలో పుట్టింది, కత్తి మాత్రం లేదు. పరుగెత్తే ఏటిలో ఉంటుంది, ఏటితోపాటు పోదు. ఇల్లు కట్టుకోదు, ఏరే కట్టి ఇస్తుంది. ఏమిటది?

ఎంత ఆలోచించినా మీకు తట్టకపోవచ్చు. అందులో మీ తప్పేమీ లేదు. ఇది మన దేశపు ప్రాణి కాదు. మనకు ఎంతో దూరాన, మెక్సికో దేశంలో ఉండే ఒక బుల్లిచేప. ఇవాళ దాని కథ చెప్పుకుందాం.

రంగు రంగుల చేపలను అమ్మే దుకాణాల్లో మీరు ఎర్రని చేప ఒకదాన్ని చూసే ఉంటారు. దాని తోక అడుగుభాగం సూదిగా, పొడుగ్గా వెనక్కు సాగి, ఒరలోంచి దూసిన కత్తిలాగా ఉంటుంది. దాన్ని దుకాణాల్లో "స్వోర్డ్‌టెయిల్" అంటారు. అంటే కత్తితోక చేప అన్నమాట. ఈ కత్తి మగచేపకే ఉంటుంది, ఆడచేపకు ఉండదు. కత్తి అన్నామే గాని అది పొడవదు, కోయదు. కేవలం అలంకారం. రాజుగారి కొలువులో పట్టుబట్టల మీద కట్టుకునే కత్తి వంటిది.

దుకాణంలో కనిపించే ఎర్రచేపలు మనుషులు ఎన్నో తరాలుగా తొట్లలో పెంచి, జాతులు కలిపి తయారుచేసినవి. వీటి పూర్వులు మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్ దేశాల ఏళ్ళలోనూ వాగుల్లోనూ ఉన్నాయి. ఈ వంశంలో 25కు పైగా జాతులున్నాయి. శాస్త్రజ్ఞులు ఈ వంశానికి "జిఫోఫోరస్" అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో దానికి "కత్తి మోసేది" అని అర్థం. మాంటెజుమా అనే జాతి మగచేపల్లో కొన్నింటి కత్తి చేప శరీరం కంటే కూడా పొడుగుంటుంది!

ఇంత గొప్ప కత్తుల వంశంలో ఒక మరుగుజ్జు పుట్టింది. దాని శాస్త్రీయనామం "జిఫోఫోరస్ పిగ్మేయస్". పిగ్మేయస్ అంటే మరుగుజ్జు అనే అర్థం. కార్ల్ హబ్స్, మైరన్ గోర్డన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1943లో దీన్ని వర్ణించి, ఈ పేరు పెట్టారు. ఈ చేప పొడుగు దాదాపు 4 సెంటీమీటర్లు, అంటే అంగుళంన్నర. మీ చిటికెన వేలు కంటే చిన్నది. మగచేప తోకకు కత్తి ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు. దగ్గరగా చూస్తే చిన్న మొన మాత్రం కనిపిస్తుంది. ఒంటికి రెండు పక్కలా ఒక నల్లని గీత వంకర వంకరగా పోతుంది. కొన్ని మగచేపలు మాత్రం పసుపుపచ్చగా, బంగారు పూత పూసినట్టుంటాయి.

మరి ఈ మరుగుజ్జు ఎక్కడ ఉంటుంది?

మెక్సికో దేశానికి తూర్పున పొడుగాటి కొండల వరుస ఉన్నది. ఆ కొండలు చాలామటుకు సున్నపురాయితో ఏర్పడ్డవి. మన విశాఖపట్నం వైపు బొర్రా గుహలు చూడటానికి పోయినవాళ్ళకు సున్నపురాయి సంగతి తెలుసు. నీరు దాన్ని కొంచెం కొంచెంగా కరిగించి లోపల గుహలు చేస్తుంది. మెక్సికో కొండల్లోనూ ఇదే జరుగుతుంది. వానలకు పడిన నీరు రాతిలోకి ఇంకి, లోలోపలే పారి, కొండ అడుగున ఊటగా బయటికి వస్తుంది. అట్లా ఊటల నీటితో పారే ఏళ్ళు సాన్ లూయీస్ పొటోసీ అనే రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒకటి ఆక్స్‌ట్లా. ఆ పేరుకు అక్కడివారి భాషలో "తెల్లకొంగలుండే చోటు" అని అర్థం చెబుతారు. ఆ ఏరు మరొక నదిలో కలిసి, చివరకు పానుకో నదితో టంపీకో అనే రేవు దగ్గర సముద్రం చేరుతుంది.

ఈ ఆక్స్‌ట్లా ఏరూ దానిలో కలిసే చిన్న ఏరూ మన మరుగుజ్జు చేపకు స్వస్థలం. అయితే ఏటిలో ఎక్కడబడితే అక్కడ వెతికితే అది దొరకదు. ఏటి నడిమధ్య ఉండదు. ఇసుక మేటల దగ్గర ఉండదు. నిలవనీటి మడుగుల్లో దాని చుట్టాలు కొన్ని ఉంటాయి గాని, ఇది ఉండదు. దీన్ని చూడాలంటే, నీరు వడిగా పారుతూ గట్టును నిట్టనిలువుగా కోసినచోట, గట్టు కింద చూడాలి.

గోదావరి, కృష్ణ ఒడ్డున ఉండే పిల్లలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఏరు వంపు తిరిగినచోట బయటి వైపు గట్టుకు నీరు వడిగా తగులుతుంది. మట్టిని అడుగునుంచి తొలుస్తుంది. పైన గట్టు పంచలాగా ముందుకు నిలుస్తుంది, కింద నీరు లోపలికి పోతుంది. పైనున్న చెట్ల వేళ్ళూ గడ్డి వేళ్ళూ కిందికి జాలరులాగా వేలాడతాయి. ఆ వేళ్ళ సందులే మన చేపకు ఇల్లు. గట్టే కప్పు, వేళ్ళే గోడలు.

అంత వడిగా పారే నీటి పక్కన ఇంత చిన్నచేప కొట్టుకుపోకుండా ఎట్లా ఉంటుంది? దీనికి జవాబు మీరే కనుక్కోవచ్చు. ఈసారి నాన్నగారితోగాని, తాతగారితోగాని పంటకాలువ గట్టుకు వెళ్ళినప్పుడు రెండు ఎండుటాకులు తీసుకోండి. గట్టు మీదనే నిలబడి, ఒకటి కాలువ మధ్యకు వేయించండి. రెండోది గట్టున గడ్డి నీటిలోకి వంగినచోట వేయండి. మధ్యలోని ఆకు చూస్తూండగానే సాగిపోతుంది. గట్టు వారనున్న ఆకు మెల్లగా కదిలి, గడ్డిలో చిక్కి ఆగుతుంది. నీరు గట్టునూ వేళ్ళనూ రాసుకొంటూ పోయేచోట దాని వేగం తగ్గుతుంది. మన చేప ఉండేది అటువంటి చోటనే. పెద్దచేప ఆ సందులో తిరగలేదు. పైనుంచి కొంగకు కనబడదు. పైగా పక్కనుంచి పోయే వడినీరు చిన్న చిన్న పురుగులనూ, నాచు తునకలనూ ఇంటి ముందుకు తెచ్చి అందిస్తుంది. బుల్లిగా పుట్టడం ఎప్పుడూ నష్టమేమీ కాదు!

కత్తి లేకపోవడం కూడా నష్టం కాకపోవచ్చు. పొడుగాటి కత్తి ఉన్న మాంటెజుమా చేపలను 2003లో పరీక్షించి చూశారు. కత్తి ఉన్న చేప ఈదేటప్పుడు ఎక్కువ ప్రాణవాయువు ఖర్చవుతుందని తేలింది. అందం మోయడానికీ కూలి ఇవ్వాలన్నమాట.

ఈ వంశపు చేపలు గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. దోమపిల్లలను తినడానికి మన ఊళ్ళలో బావుల్లోనూ గుంటల్లోనూ వదిలే గంబూషియా చేప వీటికి దగ్గరి చుట్టమే. అదీ పిల్లలనే కంటుంది. పుట్టిన మరుక్షణమే పిల్ల ఈదగలదు. కాని అది ఎంత చిన్నది! కనబడితే పెద్దచేపలు మింగేస్తాయి. కాబట్టి దానికి మొదటిరోజునుంచే వేళ్ళ చాటు కావాలి.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. ఆక్స్‌ట్లా ఏటిలో మరుగుజ్జు ఒక్కటే లేదు. కోర్టెజీ అనే మరొక కత్తితోక జాతి కూడా ఉన్నది. అది ఒడ్డూ పొడుగూ గలది. దాని మగచేపకు కత్తి ఉన్నది, ఒంటిమీద నిలువు చారలున్నాయి. ఆడ మరుగుజ్జు తన జాతివాణ్ణే జతగా ఎంచుకోవాలి. లేకపోతే రెండు జాతులూ కలిసిపోతాయి. మరి అది చిన్నవాణ్ణి చూసి "వీడే మనవాడు" అనుకుంటుందా?

అనుకోదు! 1987లో మైకేల్ రయన్, విలియం వాగ్నర్ అనే శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. ఆడ మరుగుజ్జు చేపకు తన జాతి చిన్న మగచేపనూ, వేరే ఏటిలోని మరొక జాతి పెద్ద మగచేపనూ చూపించారు. అది ఎవరి దగ్గర ఎక్కువసేపు నిలుస్తుందో కొలిచారు. ఆడచేప పెద్దచేప వైపే చేరింది. తమ జాతిలో పెద్ద మగచేపలు లేకపోయినా పెద్దవాటి మీద ఇష్టం మాత్రం పోలేదు.

అయితే ఇంకా ఈ జాతి జాతిగా ఎట్లా నిలిచింది? దీనికి 2003లో హాంకిసన్, మోరిస్ అనే మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు జవాబు వెతికారు. ఆడ మరుగుజ్జు రెండు గుర్తులు కలిపి చూసుకుంటుందట. ఒకటి, ఒంటిమీద నిలువు చారలున్నాయా లేవా అని. రెండవది వాసన. ప్రతి చేప ఒంటినుంచీ కొన్ని పదార్థాలు నీటిలో కలుస్తాయి. దాన్నిబట్టి చేప తనవాళ్ళను పోల్చుకుంటుంది. కళ్ళు మోసపోయేచోట ముక్కు కాపాడుతుందన్నమాట.

పిల్లలూ, ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. వాసన వచ్చేది నీటిలోంచి. నీరే చెడిపోతే?

ఆ ప్రాంతంలోనే కల్నాలి అనే ఊరి పక్కనుంచి ఒక ఏరు పారుతున్నది. అందులో బిర్చ్‌మన్నీ అనే మరొక కత్తితోక జాతి ఉన్నది. మురుగూ, పొలాలనుంచి కొట్టుకొచ్చిన నీరూ కలిసిన ఏటినీటిలో ఈ చేపలను పరీక్షించి, 2006లో శాస్త్రజ్ఞులు ఫలితం ప్రకటించారు. శుభ్రమైన నీటిలో ఆడచేప వాసననుబట్టి తన జాతిని చక్కగా గుర్తుపట్టింది. ఆ ఏటినీటిలో మాత్రం తనవారెవరో, పరాయివారెవరో తెలుసుకోలేకపోయింది. దాన్ని మళ్ళీ శుభ్రమైన నీటిలోకి మార్చితే తిరిగి గుర్తుపట్టగలిగింది.

చూశారా! ఒక్క చేప కూడా చావలేదు. నీరు పారుతూనే ఉన్నది. పైనుంచి చూసేవారికి ఏమీ జరిగినట్టుండదు. కాని లోపల చేపలు తమవాళ్ళను మరిచిపోతున్నాయి. అట్లా కొన్ని తరాలు గడిస్తే జాతులు ఒకదానిలో ఒకటి కలిసి, చివరకు ఏదీ మిగలకపోవచ్చు.

ఇంటినే పోగొట్టుకున్న చుట్టం కూడా ఈ వంశంలో ఉన్నది. దానికీ కత్తి లేదు. మెక్సికో ఉత్తరభాగాన మాంటెరే అనే పట్టణం దగ్గరి ఊటల్లో అది ఉండేది. పట్టణం పెరిగింది. జనానికి నీళ్ళు కావలసివచ్చాయి. నీళ్ళు తోడగా తోడగా ఊటలు ఎండిపోయాయి. శాస్త్రజ్ఞులు అంతకుముందే కొన్ని చేపలను పట్టి, తొట్లలో పెంచుతూ వచ్చారు కాబట్టి ఆ జాతి దక్కింది. మైరన్ గోర్డన్ మొదలుపెట్టిన చేపల సంరక్షణశాల ఇప్పుడు టెక్సాస్ రాష్ట్రంలో సాన్ మార్కోస్ పట్టణపు విశ్వవిద్యాలయంలో ఉన్నది. మాంటెరే చేప వంశం అక్కడ గాజుతొట్లలో సాగుతున్నది. బతికి ఉన్నది, నిజమే. కాని దాని ఊటకు అది తిరిగి పోవడానికి ఊట ఉండాలిగదా!

మన మరుగుజ్జు చేపకు ఇంకా తన ఏరు ఉన్నది. కాని దాని లోకం ఎంత చిన్నదో ఆలోచించండి. దేశపటంలో వెతికితే మీ పెన్సిలు మొన కింద దాగిపోయేటంత. ఏటి గట్టుకు రాళ్ళు పేర్చి నున్నగా చేస్తే గట్టు కింది పంచ ఉండదు. గట్టుమీది చెట్లు కొట్టేస్తే వేళ్ళుండవు. మురుగు వదిలితే తనవాళ్ళు తెలియరు. ఆ చేపను కాపాడటమంటే దాన్ని పట్టి తొట్టెలో పెట్టడం కాదు. ఆ గట్టునూ, ఆ వేళ్ళనూ, ఆ తేటనీటినీ ఉన్నవి ఉన్నట్టు ఉండనివ్వడం.

ఇదంతా మెక్సికోవాళ్ళు చూసుకోవలసిన పని, మనకేం అంటారేమో. మన కాలువ గట్ల కిందా పేరు తెలియని బుల్లిచేపలు ఎన్నో ఉన్నాయి. వాటికీ గట్టే ఇల్లు. అందుకని మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఇంట్లో గాజుతొట్టె ఉండి, అందులోని కత్తితోక చేపలు ఎక్కువైతే, జాలిపడి వాటిని చెరువులోనో కాలువలోనో వదలకండి. ఇట్లా వదిలిన చేపలు చాలా దేశాల్లో పెరిగిపోయి, అక్కడి చేపలకు చోటు లేకుండా చేశాయి. వాటిని పెంచుకునే స్నేహితులకివ్వండి, లేదా దుకాణానికే తిరిగి ఇవ్వండి.

ఇక పంటకాలువ దగ్గరికి పోయినప్పుడు ఆకులు వేసి ఊరుకోకండి. గట్టు వారన, గడ్డి నీడన కాసేపు కదలకుండా చూడండి. ఏదో ఒకటి తళుక్కుమని మెరిసి, వేళ్ళ మధ్యకు దూరుతుంది. అదిగో, ఆ పొడుపుకథలోని చేపకు మన ఊరి దాయాది!