కొత్తిమీరను ఎప్పుడు వేయవలెను?

విజయవాడలో సంచి పట్టుకొని కూరగాయలకు వెళ్లినవారు బేరమంతయు ముగిసిన పిమ్మట ఒక కట్ట కొత్తిమీర అడుగుట పరిపాటి. వాడుకవారైనచో అంగడివారు దానిని కొసరుగానే సంచిలో వేయుదురు. కొసరుగా వచ్చినదగుటచే కాబోలు, వంటింటిలో కూడ దానికి కొసరు స్థానమే దక్కుచున్నది. చారులో నాలుగు రెబ్బలు, కూరపై చిటికెడు. మిగిలిన కట్ట మరునాటికి వాడి, మూడవనాటికి పెంటకుప్ప చేరును. రోహిణికార్తె ఎండలలో అన్ని దినములు కూడ పట్టదు. ఈ నష్టము డబ్బు లెక్కలో స్వల్పమే కాని, ఆహారపు లెక్కలో స్వల్పము కాదు. ఆకులో ఏమున్నదో, అది ఎట్లు పోవునో తెలిసినచో దానిని ఎప్పుడు, ఎంత వేయవలెనో కూడ తెలియును.

పోపులపెట్టెలోని చుట్టములు

కొత్తిమీర శాస్త్రనామము కొరియాండ్రం సటైవం. ఇది ఏపియేసీ కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబపు మొక్కల పూలగుత్తులు తెరచిన గొడుగు పుల్లలవలె ఒకే చోటనుండి చీలి పైకి విచ్చుకొనును. జీలకర్ర, వాము, సోపు, కారట్టు, ఇంగువనిచ్చు మొక్క - ఇవన్నియు ఈ కుటుంబములోనివే. ఐరోపావారు సూపులపైనను, కూరలపైనను చల్లుకొను పార్స్లీ ఆకు కూడ దీనికి దగ్గర చుట్టమే. బల్లపరుపు ఆకుల పార్స్లీని చూచి కొత్తిమీర అని భ్రమపడుట సులభము. వాసన చూచినచో భ్రమ తీరును.

సువాసన రహస్యము

కొత్తిమీర మొక్క ఒక్కటే అయినను దానికి వాసనలు రెండు. ఎండిన ధనియాల పరిమళమునకు ముఖ్యకారణము లినలూల్ అను పదార్థము. ఆకు వాసనకు మూలము ఆల్డిహైడులు అను వేరొక జాతి పదార్థములు. పచ్చికాయలను నలిపినచో ఆకు వాసనయే వచ్చును. కాయ పండినకొలది ఆల్డిహైడులు తగ్గి లినలూల్ పైచేయి అగును. అందుచేత ధనియాలపొడి కొత్తిమీరకు బదులు కాజాలదు. కొత్తిమీర ధనియాలకు బదులు కాజాలదు.

ఆకులోని సువాసన ద్రవ్యములు తేలికగా ఆవిరియై పోవును. మరుగుచున్న చారులో మొదటనే వేసిన ఆకు తన సువాసనను వంటింటి గాలికి అర్పించి, గిన్నెలో పీచుగా మిగులును. ఎండబెట్టిన కొత్తిమీర నిస్సారముగా తోచుటకును ఇదియే కారణము.

ఈ వాసన కొందరికి సబ్బు వాసనవలె తోచును. ఈ భేదము కొంతవరకు పుట్టుకతో వచ్చునదనియు, వాసనను గ్రహించు ఒక జన్యువుతో దీనికి సంబంధము కలదనియు 2012లో వెలువడిన పరిశోధన తెలిపినది. అట్టివారికి తరిగిన ఆకుకంటె నూరిన పచ్చడి నయము. ఆకు నలిగినప్పుడు దానిలోని ఎంజైములు ఆల్డిహైడులను విరిచివేయుటచే ఘాటు తగ్గును.

ఆకులోని పోషకములు

కొత్తిమీరలో అధికభాగము నీరే. మిగిలిన కొద్దిపాటిలో విటమిను సి, విటమిను కె, కెరోటీను చెప్పుకోదగినవి. కెరోటీనునుండి మన శరీరము విటమిను ఎ తయారు చేసికొనును. ఇది చాలని పిల్లలకు మొదట రేచీకటి కలుగును. లోపము ముదిరినచో చూపే పోవచ్చును. ఈ అంధత్వమును నివారించుటకు భారత ప్రభుత్వము 1970లో పిల్లలకు విటమిను ఎ మోతాదులనిచ్చు పథకమును ప్రారంభించెను. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన నేటి జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పరిశోధనలు దీనికి ఆధారమైనవి.

నూరు గ్రాముల కొత్తిమీరలో సుమారు 4 మిల్లీగ్రాముల కెరోటీను ఉండును. అనగా 25 గ్రాముల ఆకులో 1 మిల్లీగ్రాము. ఆహారములోని కెరోటీనులో 12 పాళ్లకు 1 పాలు మాత్రమే విటమిను ఎ గా లభించునని లెక్క. చారుపై తేలు నాలుగు రెబ్బలు 2 గ్రాములైనను తూగవు. కనుక చిటికెడు కొత్తిమీర సువాసన మాత్రమే. అది ఆహారము కావలెనన్నచో గుప్పెడు తినవలెను. గుప్పెడు తినుటకు మార్గము పచ్చడి, కూర.

ఒక్కొక్కదానికి ఒక్కొక్క పద్ధతి

సువాసన వేడికి ఆవిరియగును. విటమిను సి వేడికి నశించును, నీటిలోనికి దిగిపోవును. కెరోటీను మాత్రము వంట వేడికి చాలవరకు ఓర్చుకొనును. అయితే అది రక్తములోనికి చేరుటకు కొంచెము నూనెయో నేయియో తోడుండవలెను. ఈ మూడు సూత్రములు తెలిసినచో ఏ వంటకు ఏ పద్ధతియో ఎవరును చెప్పనక్కరలేదు.

చారునకు, పులుసునకు లేత కాడలను సన్నగా తరిగి మరుగుచుండగా వేయవచ్చును. వానిలోను రుచి కలదు. ఆకును మాత్రము గిన్నె దింపిన తరువాత వేసి వెంటనే మూత పెట్టవలెను.

కృష్ణా డెల్టాలో పేరుపడిన వంకాయ కొత్తిమీర కారము శాస్త్రసమ్మతమైన వంటకము. కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, అల్లము కలిపి నూరిన ముద్దను, నూనెలో మగ్గిన వంకాయలకు చివర పట్టించి, పచ్చివాసన పోవునంతవరకే ఉంచుదురు. నూనె కెరోటీనుకు వాహనమగును. సువాసన ద్రవ్యములు కూడ నూనెలో కరగి కొంత నిలుచును. ఒక కట్ట కొత్తిమీర ఒక పూట కూరలో చెల్లిపోవును.

పచ్చిఆకును చింతపండుతో నూరిన పచ్చడిలో విటమిను సి ఎక్కువగా మిగులును. పులుపు దానిని కొంత కాపాడును. కాని నూరిన ఆకునకు గాలి సోకుచుండును గనుక ఆ పచ్చడిని ఆ పూటనే తినుట మేలు. అన్నములో కలుపుకొను నూనె రుచికొరకే కాదు, కెరోటీనుకొరకు కూడ. పిల్లలకైనచో కారము తగ్గించి, నేయి వేసి పెట్టవచ్చును.

నిలువ పచ్చడికి చింతపండు, ఉప్పు సమృద్ధిగా పడవలెను. సూక్ష్మజీవులను అదుపులో ఉంచునవి ఆ రెండే. పైన తేలు నూనె గాలిని అడ్డుకొనునే కాని, పులుపు, ఉప్పు చాలని పచ్చడిని అది రక్షింపజాలదు. ఆకును కడిగి, నీడను తడి పూర్తిగా ఆరనిచ్చిన పిమ్మటనే నూరవలెను. తడి మిగిలినచో బూజు తప్పదు.

శుభ్రత, నిలువ

పచ్చిగా తిను ఆకును శ్రద్ధగా కడుగవలెను. వెడల్పయిన గిన్నెలో ముంచి, మట్టి అడుగునకు దిగినపిదప ఆకును పైకి తీయవలెను. నీటిని ఆకుపైనుండి వంచినచో మట్టి మరల ఆకునకే చేరును. నీరు తేటపడువరకు ఇట్లు చేసి, కడపటిసారి త్రాగునీటితో కడుగవలెను. తరిగిన తరువాత కడిగినచో విటమిను సి నీటిపాలగును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలను ముంచినట్టి సమయములలో, మురుగుతో కలిసిన నీరు సోకిన ఆకును పచ్చిగా గాని, వండి గాని వాడరాదు.

కోసిన ఆకు కూడ కొంతకాలము శ్వాసించుచునే ఉండును. నీటిని కోల్పోవుచునే ఉండును. కట్టను విప్పి, కుళ్లిన రెబ్బలను ఏరివేసి, కాడలు నీటిలో మునుగునట్లు గ్లాసులో నిలిపి, పైన పలుచని గుడ్డ కప్పినచో వాడుట ఆలస్యమగును. ఫ్రిజ్‌లో పెట్టువారు కడుగక, పొడిగుడ్డలో చుట్టి పెట్టవలెను. మాగుచున్న మామిడి, అరటిపండ్ల దగ్గర దీనిని ఉంచరాదు. ఆ పండ్లనుండి వెలువడు ఎథిలీను వాయువు ఆకును త్వరగా పసుపుపచ్చ చేయును.

కుండీలో పెంచుకొనదలచినవారు ధనియాలను రెండు బద్దలగునట్లు మెల్లగా నలిపి, రాత్రి నానబెట్టి చల్లవలెను. ఒక్కొక్క ధనియములో రెండు గింజలుండును. చలికాలము దీనికి అనుకూలము. ఎండలు ముదిరినచో మొక్క ఆకు మాని త్వరగా పూతకు వచ్చును. గుంటూరు సమీపమున లాంలోని పరిశోధన కేంద్రములో సాధన, స్వాతి, సింధు అను రకములు రూపొందినవి. అవి ముఖ్యముగా ధనియాల పంటకు ఉద్దేశించినవి.

ఒక హెచ్చరిక కూడ కలదు. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ వంటి మందు వాడువారికి విటమిను కె హెచ్చుతగ్గులు మంచివి కావు. వారు ఆకుకూరలను ఒకనాడు విశేషముగాను, ఒకనాడు శూన్యముగాను తినక, వైద్యుని సలహాతో రోజును ఒకే పరిమాణము పాటింపవలెను. తక్కినవారికి ఇట్టి భయము లేదు.

నాలుగు రెబ్బలు దింపిన చారుపై వేసినచో సువాసన దక్కును. మిగిలిన కట్ట ఆనాడే రోటిలో పడినచో ఇంటిలోని పిల్లలకు ఆహారమగును.