విద్యాలయ శిక్షలు – శిక్షించేవారి హద్దులు

విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థి ఫీజు రసీదుతోపాటు మరొక కాగితాన్నీ చూస్తాడు. నియమావళికి కట్టుబడి వుంటానని, అతిక్రమిస్తే తీసుకొనే చర్యకు లోబడతానని దాని సారాంశం. చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. ఆ నియమావళిలో విద్యార్థి చేయరాని పనులు వివరంగా వుంటాయి. శిక్ష విధించేవారు ఏమి పాటించాలన్నది మాత్రం తరచు రెండు మూడు వాక్యాలతో ముగుస్తుంది, ఒక్కొక్కచోట అదీ వుండదు. నియమావళి మౌనంగా వున్నచోట అధికారి తనకు తోచినట్లు శిక్షించవచ్చునా?

ఇస్లామీయ విద్యాచరిత్రలో ఇది కొత్త ప్రశ్న కాదు. ఖైరవాన్‌కు చెందిన మాలికీ ఫకీహ్ ముహమ్మద్ ఇబ్నె సహ్నూన్ (మరణం హిజ్రీ 256, క్రీ.శ. 870) ఉపాధ్యాయుల ధర్మాలను గూర్చి వ్రాసిన చిన్న గ్రంథంలో, తండ్రి అనుమతి లేనిదే పిల్లవానికి మూడు దెబ్బలకు మించి వేయరాదన్నారు. బెత్తాన్ని సమర్థించడానికి నేడు ఎవరైనా ఈ మాటను ఎత్తుకొంటే అది తలక్రిందుల వాదన. ఆనాడు దెబ్బ సర్వసాధారణం. ఫకీహ్ చేసిన పని ఉపాధ్యాయుని చేతికి కట్టువేయడం.

పెద్ద విద్యార్థుల విషయంలో ఇంతకంటె విలువైన చర్చ బద్రుద్దీన్ ఇబ్నె జమాఅ (మరణం హిజ్రీ 733, క్రీ.శ. 1333) రచన ‘తజ్కిరతుస్సామి వల్ ముతకల్లిమ్’లో కనిపిస్తుంది. ఆయన కైరోలోనూ దమాస్కస్‌లోనూ ప్రధాన ఖాజీగా పనిచేసినవారు. న్యాయపీఠాన్నీ, పాఠం చెప్పే పీటనూ రెండింటినీ ఎరిగినవారు. మద్రసాలో నివసించే విద్యార్థుల కొరకు ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. వక్ఫ్ చేసిన దాత పెట్టిన షరతులను విద్యార్థి ముందుగా తెలుసుకోవాలి. చెక్క పాదరక్షల చప్పుడుతో తోటివారిని బాధించరాదు. తలుపును దడాలున వేయరాదు. ఏడు వందల ఏండ్ల క్రిందటి ఈ నియమాలు చదివితే నేటి హాస్టలు వార్డెన్‌కు పరాయివిగా తోచవు.

తప్పు చేసిన విద్యార్థి పట్ల ఉస్తాద్ ఎలా వ్యవహరించాలో కూడా ఆయన మెట్లు మెట్లుగా చెప్పారు. మొదట అతని పేరెత్తకుండా, అతడు వుండగా పరోక్షంగా సూచించాలి. అప్పటికీ మానకపోతే ఏకాంతంలో వారించాలి. దానికీ లొంగకపోతే అందరి ఎదుట గట్టిగా మందలించాలి. ఇదీ ఫలించనప్పుడే అతనిని దూరం పెట్టవచ్చు. తోటి విద్యార్థులు చెడిపోతారన్న భయం వుంటే ఈ చర్య మరీ అవసరమవుతుంది. అయితే ఆ దూరం పెట్టడం అతడు మారి తిరిగి వచ్చేవరకే. బహిష్కారం చివరి మెట్టు, దానికి కూడా వెనుకకు వచ్చే ద్వారం వుంది. తొలి ఫిర్యాదుకే పేరు కొట్టివేసే పద్ధతికి ఈ సంప్రదాయంలో ఆధారం దొరకడం కష్టం.

మెట్లు ఎక్కడానికి ముందు నేరం జరిగిందో లేదో తేలాలి గదా! హజ్రత్ అలీ (రజి)ను యమన్‌కు ఖాజీగా పంపుతూ దైవప్రవక్త (స), ఒక పక్షం వాదన విని రెండవ పక్షాన్ని వినకుండా తీర్పు చెప్పవద్దని ఉపదేశించారు. అవిశ్వసనీయుడు తెచ్చిన వార్తను పరిశీలించి గాని నమ్మరాదని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 6వ ఆయత్ ఆదేశిస్తున్నది.

మన దేశంలో సుప్రీంకోర్టు కూడా ఇదే సూత్రాన్ని విద్యాలయాలకు వర్తింపజేసింది. ఉత్తరప్రదేశ్‌లో 1954లో ముగ్గురు విద్యార్థులు ఇంటర్మీడియట్ పరీక్ష ఉత్తీర్ణులయ్యారు. కొన్ని నెలల తరువాత బోర్డు వారి ఫలితాలను రద్దుచేసి, 1955 పరీక్షకు కూడా కూర్చోరాదన్నది. వారిని పిలిచి ఒక్క మాట అడిగినవారు లేరు. విచారణ జరపాలని నిబంధనలలో ఎక్కడా లేదని బోర్డు వాదన. నిబంధన మౌనంగా వున్నా, ఒకరి భవిష్యత్తును దెబ్బతీసే నిర్ణయానికి ముందు వారి సంజాయిషీ వినవలసిందేనని 1962లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. అది బోర్డు వ్యవహారమే అయినా విశ్వవిద్యాలయాలకూ ఆ సూత్రమే వర్తిస్తుంది.

అయితే వినడమంటే కోర్టులో వలె సాక్షులను ఎదురెదురుగా నిలబెట్టడమేనా? రాంచీలోని రాజేంద్ర వైద్య కళాశాల కేసు ఇక్కడ ముఖ్యం. 1972 జూన్‌లో ఒక రాత్రి కొందరు విద్యార్థులు బాలికల వసతిగృహం ఆవరణలో చొరబడి అసభ్యంగా ప్రవర్తించారని విద్యార్థినులు ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేశారు. అధ్యాపకుల సంఘం వారి వాఙ్మూలాలను నిందితుల పరోక్షంలో నమోదు చేసింది. నిందితులను విడివిడిగా పిలిచి ఆరోపణ వివరించి జవాబు అడిగింది. చివరకు వారిని బహిష్కరించారు. సాక్షులను ప్రశ్నించే అవకాశం ఇవ్వలేదని వారు కోర్టుకెక్కగా, సుప్రీంకోర్టు 1973లో కళాశాల చర్యనే సమర్థించింది. పేర్లు బయటపడితే ఆ బాలికలకు రక్షణ ఎవరిస్తారన్నది న్యాయమూర్తుల ఆలోచన. ఖాజీ సభలో నిందితునికి సాక్షి విశ్వసనీయతను ప్రశ్నించే హక్కు వున్నదని ఎరిగినవారికి ఇది కొంత ఇబ్బందిగా తోచవచ్చు. కాని నిందితుడు ఆరోపణ ఏమిటో తెలుసుకొన్నాడు, జవాబు చెప్పుకొన్నాడు. ఫిర్యాదు చేసినవారికి హాని కలగకుండా చూడటం కూడా న్యాయంలో భాగమే గనుక ఈ తీర్పు సమంజసంగానే కనిపిస్తుంది.

ఇంతకంటె చిక్కైనది సామూహిక శిక్ష. హైదరాబాదులో 1938లో ఉస్మానియా వసతిగృహాలలో వందేమాతరం పాడటం మానబోమన్న విద్యార్థులను విశ్వవిద్యాలయం మూకుమ్మడిగా బహిష్కరించింది. వారిలో అనేకులను నాగపూరు విశ్వవిద్యాలయం చేర్చుకొన్నది. ఆ గీతం గురించి ముస్లిములకున్న ధార్మిక అభ్యంతరం వేరే విషయం. తమకు అభ్యంతరమున్న పని చేసినవారి విషయంలోనూ శిక్ష పద్ధతిని తూచి చూడటమే న్యాయబుద్ధి. పైగా అక్కడ ఎవరేమి చేశారో దాచినవారు లేరు.

నేటి ర్యాగింగ్ కేసులలో అలా కాదు. చేసినవారెవరో చెప్పడానికి బాధితుడు భయపడతాడు, చూసినవారు నోరు మెదపరు. అందువల్లనే విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2009 నిబంధనలలో, నేరస్థులు గుర్తింపబడనప్పుడు సంస్థ సామూహిక శిక్ష విధించాలన్న క్లాజు చేర్చింది. దాని ఉద్దేశం మౌనాన్ని ఛేదించడమైతే కావచ్చు. కాని ఏ ప్రాణీ మరొకరి పాపభారం మోయదన్నది ఖుర్ఆన్ పలుమార్లు చెప్పిన మాట. ఆ రాత్రి గదిలో చదువుకొంటూ కూర్చొన్న విద్యార్థి ఏ నేరానికి శిక్ష అనుభవించాలి? చూచి మౌనం వహించిన వానికి తన మౌనం కొరకు శిక్ష పడితే అది అతని తప్పుకు తగిన శిక్ష. చూడనివాని విషయం అట్లా కాదు.

అదే నిబంధనలలో అప్పీలుకు దారి వుంది. అనుబంధ కళాశాల విధించిన శిక్షపై వైస్ చాన్సలర్‌కు, విశ్వవిద్యాలయమే విధించిన శిక్షపై చాన్సలర్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సామూహిక శిక్షలో చిక్కుకొన్న నిరపరాధి ఆ రోజు తానెక్కడ వున్నదీ, తనను విచారించిందీ లేనిదీ స్పష్టంగా వ్రాసి, శిక్ష ఉత్తర్వు నకలు జతచేసి పంపాలి. ఉత్తర్వు నోటిమాటగా చెప్పి పంపివేస్తే, అది వ్రాతపూర్వకంగా ఇవ్వమని అడగడం అప్పీలుకు మొదటి మెట్టు.