పుల్ల కింద పలక

గోదావరి మీద నాటు పడవ నడిపేవాళ్లను చూడండి. చుక్కాని పిడిని కుడికి నెడితే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. మధ్యలో ఇరుసున్న కర్ర ఏదైనా అంతే, పై కొస ఇటు వస్తే కింది కొస అటు పోతుంది. కోరుకొండలో ఒక వడ్రంగి కొట్లో కూర్చుని ప్లైవుడ్ పలకకు జాయ్‌స్టిక్ బిగిస్తున్నప్పుడు ఈ చిన్న సంగతి నాకు గుర్తు రాలేదు. దానికి ఒక సాయంత్రం మొత్తం ఖర్చయింది.

జాయ్‌స్టిక్ ఆటల కోసం పుట్టలేదు, విమానం కోసం పుట్టింది. 1909 జూలై 25న ఇంగ్లిష్ ఛానల్‌ను గాలిలో దాటిన లూయీ బ్లేరియో చేతిలో ఉన్నది అలాంటి కర్రే. దాని అడుగున బోర్లించిన గంటలాంటి లోహపు తొడుగు, ఆ తొడుగుకు కట్టిన తీగలు. కర్రను వెనక్కి లాగితే విమానం ముక్కు లేచేది, పక్కకు వంచితే రెక్కలు మెలి తిరిగేవి. అప్పట్లో మనిషి చేతిబలమే తీగల వెంట రెక్క దాకా పోయేది. 1926లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలకు చెందిన సి.బి. మిరిక్ విద్యుత్తుతో పనిచేసే కర్రకు పేటెంట్ పొందాడు. అలాంటి కర్ర మోసేది బలాన్ని కాదు, కబురుని. 1977లో అటారీ కంపెనీ ఇంట్లో టీవీకి తగిలించుకునే ఆటపెట్టెతో పాటు దాన్ని పిల్లల చేతికిచ్చింది.

మన ఊళ్లకు వచ్చేసరికి అది వీడియో గేమ్ షాపుల్లో, పెద్ద చెక్కపెట్టెల మీద కనిపించింది. 1993లో కాప్‌కామ్ కంపెనీ విడుదల చేసిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ను ఆ పేరుతో ఎవరూ అడగలేదు. పసుపు టోపీ పెట్టుకున్న వీరుడి పేరునే ఆటకు పెట్టేసి ‘ముస్తఫా’ అన్నాం. రాజమండ్రి వెళ్లినప్పుడల్లా ఆడేవాణ్ణి. అక్కడ ఒక పెట్టెకు మేకులు వదులై, పలక కిచకిచలాడుతూ ఊగేది. ముస్తఫా మాట వినేవాడు కాదు. తప్పు జాయ్‌స్టిక్ పుల్లదే అనుకునేవాణ్ణి. పలకదని ఇన్నేళ్లకు, సొంతంగా ఒకటి చేసుకున్నప్పుడు తెలిసింది.

విప్పి చూస్తే జాయ్‌స్టిక్ చాలా నిరాడంబరమైన యంత్రం. ఉక్కు కడ్డీ, దాని నడుమ తిరిగే కీలు, వదలగానే నిలువుగా నిలబెట్టే స్ప్రింగు, అడుగున నాలుగు వైపులా నాలుగు మైక్రోస్విచ్‌లు. ఎనిమిది దిక్కులకు నాలుగు స్విచ్‌లే చాలు. మూలకు వంచితే పక్కపక్కనున్న రెండూ ఒకేసారి నొక్కుకుంటాయి. 1980 నాటి ‘ప్యాక్‌మ్యాన్’ లాంటి నాలుగు దిక్కుల ఆటకు ఈ మూలలే చిక్కు తెస్తాయి. అందుకే కడ్డీ అడుగున దారి చూపే అడ్డుబిళ్ల ఒకటి ఉంటుంది, దాన్ని ఆటకు తగ్గట్టు తిప్పుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మైక్రోస్విచ్. అమెరికాలో మెక్‌గాల్ అనే ఆయన 1932లో దీన్ని కనిపెట్టాడు. తీర్థంలో అమ్మే రేకు కప్పను నొక్కితే ఏమవుతుంది? వంగిన రేకు కొంతదాకా ఓర్చుకుని, ఆ హద్దు దాటగానే టక్కున అటు తిరుగుతుంది. మైక్రోస్విచ్‌లో ఉన్నదీ అలాంటి రేకే. వేలు మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా లోపలి రేకు మాత్రం ఒకే వేగంతో ఎగురుతుంది. కాబట్టి కరెంటు సగం తగిలి సగం తగలక నిప్పురవ్వలు లేచే వ్యవధి దాదాపు ఉండదు. ఎగిరిన రేకు కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. ఆ అదురును లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడం, స్విచ్‌లను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ బోర్డు పని.

ఇక చెక్క. జపాన్ తరహా పుల్లలు పలచని రేకు పలకకు బిగించడానికి తయారైనవి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కింద బిగిస్తే పుల్లలో మూడోవంతు చెక్కలోనే మునిగిపోయి, పైన మిగిలింది పిడికిలికి అందదు. అందుకని అడుగు నుంచి రౌటర్‌తో గుల్ల తీసి, పైన 6 మిల్లీమీటర్లు ఉంచాలి. ఇంకా తీస్తే పలక వంగుతుంది. మా వడ్రంగి గుల్లలో బొటనవేలు పెట్టి నొక్కి చూసి, “ఇక చాలండి. పలక కదిలిపోతా ఉంటే పుల్లేం చేత్తాదండీ?” అన్నాడు. కడ్డీ దిగడానికి 24 మిల్లీమీటర్ల బెజ్జం, మీటలకు 30 మిల్లీమీటర్లవి. వెనక పనికిరాని చెక్క ఆనించి తొలిస్తే పెచ్చు లేవదు. బిగించడానికి మేకులు పనికిరావు. పైనుంచి క్యారేజీ బోల్టు దించి కింద నట్టు వేయాలి, బోల్టు తల కింది చదరపు మెడ చెక్కలో దిగబడి దాన్ని తిరగనివ్వదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి మన వానాకాలపు చెమ్మకు మామూలు పలకలా ఉబ్బదు, చీలదు.

ఆ సాయంత్రం పలకను పుస్తకంలో పేజీలా పక్కకు తిప్పి, అడుగున కనిపించిన దిక్కుల ప్రకారం వైర్లు కలిపాను. ముస్తఫా కుడికి, ఎడమకు సరిగ్గానే నడిచాడు. పైకి నెడితే మాత్రం కిందికి వచ్చాడు. వైర్లన్నీ మళ్లీ వెతికాను, తప్పు దొరకలేదు. చివరికి పడవ చుక్కాని గుర్తొచ్చింది. పుల్ల కుడికి వంగితే అడుగు కొస ఎడమ స్విచ్‌ను నొక్కుతుంది. పలకను పక్కకు తిప్పడంతో ఎడమ కుడి అయింది, రెండు తారుమార్లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పైకీ కిందికీ ఆ రెండో తారుమారు జరగలేదు. పలకను పక్కకు కాక తలకిందులుగా తిప్పి ఉంటే ఇబ్బంది కుడిఎడమలకు వచ్చేది.

రెండు వైర్లు మార్చాను. ఇప్పుడు పుల్ల మీద ఉన్నది 35 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు. ఏటికొప్పాక వెళ్లినప్పుడు అంకుడు కర్రతో, ఎర్ర లక్క పూతతో అదే కొలతకు ఒకటి తరిమెన పట్టించాలి. గుండు లోపల మర కోయడం మాత్రం అక్కడ కుదరదేమో, దానికి ఇత్తడి నట్టు ఒకటి ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి.